సబ్బుకు బారసాల

మాంపాంగ్‌లో అందరిళ్లలోనూ సబ్బు తయారవుతుంది, లేదా కొట్టునుంచి వస్తుంది. అంపోఫో మామయ్య ఇంట్లో మాత్రం సబ్బు పుడుతుంది.

మాటవరసకు అన్నది కాదు. కుండ పొయ్యి మీంచి ఏ వారం దిగితే ఆ సబ్బుకు ఆ వారం పేరే. ఆ ఊళ్లో మనుషులకూ అంతేగా. శుక్రవారం పుట్టినవాడు కోఫీ, బుధవారం పుట్టిన పిల్ల అకువా. మనుషులకున్న మర్యాద సబ్బుకెందుకు ఉండకూడదని మామయ్య వాదన. ఒంటికి రుద్దుకునే సబ్బులన్నీ మగపిల్లలు, రాసుకునే పూతలన్నీ ఆడపిల్లలు. ఎనిమిదో రోజున బారసాల. ఇంటిల్లిపాదీ స్నానాలు చేసి పెరట్లో నిలబడాలి. మామయ్య ఒక చుక్క నీళ్లు, ఒక చుక్క జిన్ను అనే సారా సబ్బు మీద వేసి, పసిపిల్లల నాలుక మీద వేసేటప్పుడు పెద్దలనే మాటే అనేవాడు.

"నీళ్లయితే నీళ్లని చెప్పు. జిన్నయితే జిన్నని చెప్పు. అబద్ధమాడకు."

సబ్బు ఎలాగూ ఏమీ చెప్పేది కాదు. సీసాలో మిగిలిన జిన్ను సంగతి మామయ్య చూసుకునేవాడు.

ఈ వేడుక జరిగేదాకా సబ్బైనా పూతైనా ఎవరూ ముట్టుకోకూడదు. ఒకసారి చెల్లెలు పొకూవా తొందరలో ఐదు రోజుల సబ్బుతో చేతులు కడుక్కుంది.

"వారం నిండని పసిగుడ్డు!" అని మామయ్య తల పట్టుకున్నాడు. "నీకు చేతులెలా వచ్చాయే?"

"మసి అంటితే వచ్చాయి అన్నయ్యా. అయినా నా కూతురి బారసాలకు నువ్వు గంట ఆలస్యంగా వచ్చావు. ఆ మాట మర్చిపోయావా?"

"వచ్చానుగా."

ఆ బారసాల కూతురే సెర్వా. ఇప్పుడు ఊరి బళ్లో టీచరు. పెళ్లాం పోయాక మామయ్య చెల్లెలింటికి వచ్చేశాడు కాబట్టి సెర్వా ఆ సబ్బుల మధ్యే పెరిగింది. రోజూ మధ్యాహ్నం తోటి టీచర్లకు మామయ్య వేషం వేసి చూపించడం ఆమెకు అలవాటు. సుద్దముక్కను సబ్బులా పట్టుకుని, కళ్లు మూసుకుని, "అబద్ధమాడకు నాయనా" అంటుంటే, అన్నం తింటున్న హెడ్మాస్టరుకు పొలమారేది.

వేషం వెయ్యడం తేలిక. ఆ పని చెయ్యడం తేలిక కాదు. మామయ్య ముప్పై ఏళ్లు లారీలకు చెక్క బాడీలు కట్టినవాడు. వార్నీషూ బంకా తిని తిని అరచేతులు పగిలిపోతే, ఏ మందూ పనిచెయ్యకపోతే, తన చేతుల కోసం తనే నేర్చుకున్నాడు. కూర అరటి తొక్కలూ కోకో కాయల డొప్పలూ వారం ఎండబెట్టి కాల్చేవాడు. ఆ బూడిదను అడుగున చిల్లులున్న కుండలో కూరి, పైనుంచి నీళ్లు పోసి, కింద చుక్కచుక్కగా దిగే కారాన్ని, అంటే క్షారపు నీటిని, పట్టేవాడు. దాన్ని తాటిగింజల నూనెతో కలిపి, చెయ్యి మార్చకుండా, మాట్లాడకుండా సగం రోజు తిప్పేవాడు. ఆఖర్న గరిట చివర చల్లారిన చిటికెడు నాలుకకు అంటించుకునేవాడు. చురుక్కుమంటే ఇంకా పచ్చిది. చప్పగా ఉంటే అయినట్టు. ఒకసారి పట్నంనుంచి ఒకాయన అట్టపెట్టెలో కాగితం ముక్కలు తెచ్చి, వీటితో కారం ఎంతుందో కచ్చితంగా తెలుస్తుందన్నాడు. మామయ్య ముందు నాలుకతో చూసి అంకె చెప్పాడు. తర్వాత కాగితం ముంచారు. పట్నం ఆయన ఆ కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూసుకుని, టీ కూడా తాగకుండా వెళ్లిపోయాడు.

ఈ పేర్ల వల్ల ప్రమాదాలు జరక్కపోలేదు. ఒక శుక్రవారం నూనె ఎక్కువ కాగి కుండ మాడిపోయింది. మామయ్యకు అన్నం సహించలేదు. గోడకు ఈవల నిలబడి చెల్లెలితో చెప్పుకుంటున్నాడు.

"కోఫీ పోయాడే పొకూవా."

"అయ్యో, ఎలాగన్నయ్యా?"

"నా కళ్ల ముందే. నిలువునా మాడిపోయాడు. గోకి గోకి తీశాను, కాస్త కూడా దక్కలేదు. కోకో చెట్టు కింద గొయ్యి తీసి పూడ్చేశాను."

గోడకు ఆవల కెంకే అనే మొక్కజొన్న ఉండలు ఆకుల్లో చుడుతున్న పక్కింటి బిరాగో ఈ మాటలు విన్నది. ఆమె మొగుడు లారీ డ్రైవరు కోఫీ. పొద్దున్నే అతనితో పోట్లాడి, "నీ మొహం మళ్లీ చూపించకు" అని పంపించింది. చేతిలో పిండి ముద్ద అక్కడే జారవిడిచి, జుట్టు విరబోసుకుని, "బంగారంలాంటి మనిషి! నా నోరు పడిపోను!" అని వీధి వీధంతా వినపడేలా ఏడ్చింది. పావుగంటలో నలభైమంది చేరారు. ఆ గుంపును తోసుకుంటూ వచ్చి, "ఎవరు పోయారు?" అనడిగాడు కోఫీ.

"నువ్వే" అన్నారు ఎవరో.

అతను కాసేపు నిలబడి పెళ్లాం శోకం పూర్తిగా విన్నాడు. తనలో ఇన్ని మంచి గుణాలున్నాయని అతనికి ఆరోజే తెలిసిందట. ఆనాటినుంచి మామయ్య ఎక్కడ కనపడినా లారీ ఆపి మరీ దండం పెట్టేవాడు.

మామయ్యతో ఇంకో చిక్కు ఉంది. ఏది దేనికి పనికొస్తుందో చచ్చినా చెప్పేవాడు కాదు. గోడకు కొట్టిన మూడు అరల మీద సీసాలు వరసగా ఉండేవి, పేర్లతోనే. "ఇదేమిటి మామయ్యా, తామరకా, దురదకా?" అని సెర్వా అడిగితే, "ఇది అకువా. నెమ్మదైన పిల్ల. ఎండంటే పడదు" అనేవాడు. అన్నిటికంటే పై అరలో ఒక ఖాళీ సీసా. దాని మీద 'అకోసువా' అని రాసి ఉండేది. అది మాత్రం ఎందుకు దాచావంటే, "పెళ్లయి వెళ్లిపోయిన పిల్ల" అనేవాడు. ఆ సీసా దుమ్ము దులిపే పని పొకూవాదే. ఇంకెవరినీ చెయ్యి వెయ్యనిచ్చేది కాదు.

ఊరివాళ్లు కూడా ఆయన ధోరణిలోనే మాట్లాడేవారు. చర్చి మెట్ల మీద ఎవరో ఒకరు ఆపి, "మీ అకువా మా ఇంట్లో బాగా అలవాటుపడిందండీ" అనేవారు. ముసలాయన మనసు నొప్పించడం ఇష్టంలేక అలా అంటున్నారని సెర్వా అనుకునేది.

ఇలా నవ్వుకుంటూ ఉండగానే సెర్వాకు నవ్వు ఆగిపోయే రోజొచ్చింది.

అజేయి అనే కుర్రవాడు ఆమెను ఇష్టపడ్డాడు. ఐదు వారాల్లో అతని తరఫు పెద్దలు తలుపు తట్టడానికి, అంటే పిల్లనడగడానికి, వస్తామని కబురు చేశారు. వచ్చేసరికి మొహం ఇంకాస్త తేటగా ఉంటే బాగుంటుందని సెర్వాకు ఒక పాడుబుద్ధి పుట్టింది. బజారులో రంగు తేల్చే క్రీము గొట్టం ఒకటి కొని చాటుగా రాసుకుంది. మొదటి వారం మెరుపు. రెండో వారం మంట. పదిహేనో రోజుకు రెండు చెంపలూ కందిపోయి, పొట్టు లేచి, మచ్చలు కట్టాయి.

మామూలు ఇల్లైతే తల్లితో చెప్పుకునేది. కానీ పొకూవా చర్చి మహిళా సంఘానికి పెద్ద. ప్రతి గురువారం ఆమె ప్రసంగం ఒకటే. దేవుడిచ్చిన చర్మాన్ని బజారు క్రీములకు బలిపెట్టే ఆడవాళ్ల గురించి బల్ల గుద్ది చెప్పేది. ఇక మామయ్య దగ్గరికి వెళ్దామా అంటే, ఏ మొహం పెట్టుకుని వెళ్తుంది? సెర్వా తలగుడ్డ చెంపల మీదికి లాగి కట్టుకుని, పన్ను నొప్పని చెప్పింది.

మర్నాడు పొద్దున అందరూ గంజి తాగుతున్నారు. మామయ్య ఒక సీసా తెచ్చి సెర్వా పక్కన పెట్టాడు.

"ఇది అబేనా. పోయిన నెల మంగళవారం పుట్టింది. రోజూ పడుకునేముందు నీ దగ్గరుంచుకో."

"నాకెందుకు మామయ్యా?"

"దీనికి తోడు కావాలి. కానీ ఒక్కమాట. నీ గదిలో బజారునుంచి వచ్చిన చుట్టం ఒకటి దిగింది. ముందు దాన్ని గెంటెయ్. ఇద్దరూ ఒకచోట ఇమడరు."

సెర్వా తలగుడ్డ ఇంకాస్త ముందుకు లాక్కుంది.

"ఎండలో తిప్పకు అబేనాను. ఇంకోటి. ఈవేళే ఆసుపత్రికి వెళ్లి, నర్సుకు ఆ చుట్టాన్ని చూపించు. ఎలాంటి మనిషో ఆవిడకు తెలుస్తుంది. అబేనా పిల్లే గానీ డాక్టరమ్మ కాదు."

పొకూవా గంజిలో పంచదార కలుపుతూ నిట్టూర్చింది. "ముదిరింది మీ మామయ్యకు. చుట్టమట, గెంటాలట! పన్ను నొప్పికి లవంగం పెట్టుకోవే."

సెర్వా ఆసుపత్రికి వెళ్లింది. నర్సు గొట్టాన్ని చూసి చీవాట్లు పెట్టి, చెంపలు చూసి మందిచ్చి, మెత్తటి పూత ఏదైనా ఉంటే రాసుకోమంది. అబేనాలో ఏముందో సెర్వాకు వాసనబట్టి తెలిసింది. ఏడుసార్లు కడిగిన షియా గింజల వెన్న, కలబంద గుజ్జు. అంతే. మామయ్య పనితనమంతా ఎంత కలపాలో తెలియడంలో లేదు, ఎక్కడ ఆపాలో తెలియడంలో ఉంది. మంట నాలుగు రోజుల్లో తగ్గింది. పొట్టు పోయింది. మూడో వారానికి చెంపలు దాదాపు చెంపల్లా కనపడ్డాయి. ఎడమ చెవి పక్కన రూపాయి బిళ్లంత మచ్చ మాత్రం పోనని కూర్చుంది.

శనివారం పొద్దున అజేయి వాళ్లు జిన్ను సీసాలతో వచ్చారు. మీ తోటలో మాకొక పువ్వు కనపడిందన్నారు. మా తోటలో ఎన్నో పువ్వులున్నాయి, ఏదో చెప్పండన్నారు వీళ్లు. అంతా పద్ధతి ప్రకారం సాగుతోంది. సెర్వాను పిలిచారు. అజేయి మేనత్త ఫ్రెమా పిల్లను పైనుంచి కిందిదాకా చూసి, చెవి దగ్గర ఆగింది.

"అమ్మాయికి ఆ మచ్చేమిటి వదినా? మా వీధిలో ఇద్దరు పిల్లలకు చూశాను ఇలాంటిది. ఏవో క్రీములు రాసుకుని తెచ్చుకున్నారు."

పొకూవా కూతురి వైపు తిరిగింది. మేనకోడలి తరఫున జవాబు చెప్పవలసినవాడు మేనమామ. మామయ్య గొంతు సవరించుకుని లేచాడు.

"అది మా అబేనా చేసిన పని."

"అబేనా ఎవరు?"

"నా కూతురు."

ఫ్రెమా ఉలిక్కిపడింది. "మీకు పిల్లలు లేరన్నారే!"

"నూట పద్నాలుగుమంది."

అజేయి తరఫున ఒక పెద్దమనిషి జిన్ను గ్లాసు కింద పెట్టేశాడు.

"పూత అండీ, పూత!" అంది పొకూవా కంగారుగా. "మా అన్నయ్య పూతలకు పేర్లు పెడతాడు."

"అది మంగళవారం పుట్టింది" అన్నాడు మామయ్య, తలొంచుకుని. "తొందరపడి శుక్రవారమే అమ్మాయి మొహానికి పూశాను. వారం నిండలేదు. పచ్చిగా ఉంది. కాలింది. తప్పు నాది."

పొకూవా లేచి నిలబడింది. "ఎనిమిదో రోజు రాకుండానే పూశావా! నువ్వా! ఇన్నేళ్లు మమ్మల్ని బారసాలలకు నిలబెట్టి మోకాళ్లు అరగదీసి, ఆఖరికి నువ్వే..."

ముందు పెద్దమనిషి నవ్వాడు. తర్వాత అజేయి. తర్వాత ఫ్రెమా పమిటలాంటి తన పైగుడ్డ నోటికి అడ్డం పెట్టుకుని ఊగిపోయింది. కిటికీలోంచి చూస్తున్న బిరాగో, "పూతకు వారం నిండలేదు సరే, మీకైనా ఏళ్లు నిండాయా, అన్నా!" అని అరిచింది. మచ్చ సంగతి ఎవరికీ మళ్లీ గుర్తురాలేదు. జిన్ను సీసాలు విప్పారు.

అందరూ నవ్వారు గానీ సెర్వా నవ్వలేదు. ఇన్నేళ్లలో తన చేతి పనిలో తప్పుందని మామయ్య ఒప్పుకోవడం ఎవరూ వినలేదు. కోఫీ మాడినప్పుడు కూడా పొయ్యి తప్పన్నాడు తప్ప తన తప్పనలేదు.

భోజనాల ముందు పెరట్లో నీళ్లకోసం వెళ్లిన సెర్వాకు ఇంకో సంగతి కనపడింది. ఫ్రెమా, మామయ్యా నీళ్లతొట్టి దగ్గర నిలబడి ఉన్నారు.

"అన్నగారూ, మా ఇంట్లో ఒకావిడకు..." అని నసుగుతోంది ఫ్రెమా.

"నాకేం చెప్పకండి. నీళ్లు పోస్తాను, చేతులు కడుక్కోండి."

ఆమె రవిక చేతులు పైకి జరుపుకుంది. మోచేతుల దాకా ఎర్రగా పొలుసులు. మామయ్య చూసీ చూడనట్టు చూశాడు. చెంబెడు నీళ్లు పోశాడు, తువ్వాలిచ్చాడు, లోపలికెళ్లి సీసా తెచ్చాడు.

"మా అకువాను తీసుకెళ్లండి. సాయంత్రాలు దీనితో కాసేపు కూర్చోండి. నెలకీ తగ్గ... అలవాటు పడకపోతే డాక్టరు దగ్గరికి వెళ్లాలి."

"ఎవరైనా అడిగితే ఏమనాలి?"

"అకువా బాగుందనండి."

సెర్వా బిందె పట్టుకుని అలాగే నిలబడింది. చర్చి మెట్ల మీద వినపడిన అకువాలూ అబేనాలూ అందరూ ఒక్కసారి గుర్తొచ్చారు. ఊళ్లో సగంమంది ఒంటి మీది రహస్యాలు ఆ మూడు అరల మీద ఉన్నాయి. ఒక్కటి కూడా ఇన్నేళ్లలో బయటికి రాలేదు. తను మాత్రం సుద్దముక్క పట్టుకుని వేషాలేసింది.

చుట్టాలు వెళ్లాక పొకూవా గిన్నెలు సర్దుతూ, కూతురి చెవి పక్కన మచ్చను వేలితో నిమిరి, వంచిన తల ఎత్తకుండా అడిగింది.

"అన్నయ్యా, ఈ అబేనాకు ఎవరి పోలిక?"

మామయ్య ఎంగిలి చెయ్యి నాకుతూ అన్నాడు. "అకోసువా పోలికే."

పొకూవా తన చెంప తడుముకుంది; మొహం మీదికి ఏదో పాత సిగ్గు వచ్చి వెళ్లింది. కుండలో అడుగున దాచిన మంచి మాంసం ముక్క తీసి కూతురి పళ్లెంలో వేసింది. ఆ గురువారం మహిళా సంఘంలో ఆమె ప్రసంగం మూడు నిమిషాల్లో అయిపోయింది. బల్ల గుద్దలేదు.

మామయ్యకు మాత్రం ఏడాదిపాటు విముక్తి లేకపోయింది. సీసా కోసం వచ్చిన ప్రతివాళ్లూ, "వారం నిండిందా మామయ్యా?" అని అడిగేవారు. ఆయన పళ్లు కొరుక్కుని, "నిండింది" అనేవాడు. చూడలేక ఒకరోజు, కొత్త సబ్బు బారసాలకు అందరికంటే ముందొచ్చి నిలబడ్డ సెర్వా అడిగేసింది.

"నిజం చెప్పేస్తాను మామయ్యా. నీ పనికి నా వల్ల మచ్చ ఎందుకు? అయినా నువ్వంత అబద్ధం ఎలా ఆడావు? నీళ్లయితే నీళ్లని చెప్పాలని నువ్వేగా అంటావు?"

"అది సబ్బుకు చెప్పాను."

"నీకూ ఎనిమిదో రోజున చెప్పే ఉంటారుగా?"

మామయ్య జిన్ను సీసా మూత తిప్పాడు.

"చెప్పారట. అప్పుడు నేను నిద్రపోతున్నానట."