ఆదివారం పొద్దున పది గంటలకు

ప్యారిస్‌లో ఆదివారం పొద్దున ఎక్కడికి వెళ్ళాలన్న దాని మీద నేను పక్క చెరువు ఆవిడను కొట్టాను. నేను ప్యారిస్ చూడలేదు. అప్పటికి పాస్‌పోర్టు కూడా చేతికి రాలేదు. అయినా కొట్టాను. ఎందుకు కొట్టావని ఎవరైనా అడిగితే ఇప్పటికీ ముందు కోపం వస్తుంది, తరువాత సిగ్గు వస్తుంది. ఎప్పుడూ ఆ వరసలోనే వస్తాయి.

మాది పెదపాడు దాటాక కొల్లేరు వైపు పోయే దారిలో ఒక ఊరు. మామగారి రోజుల్లో వరి పండిన పొలమే ఇప్పుడు చేపల చెరువు. పక్కవాళ్ళదీ అంతే. రెండు చెరువులకూ మధ్య ఒకటే గట్టు. నేను కాపురానికి వచ్చిన ఏడాదే ఆ గట్టు మీద మామగారి భుజం ఎముక విరగ్గొట్టారు. మరుసటేడు వాళ్ళ పెద్దాయన వేళ్ళు రెండు పార దెబ్బకు తెగి నీళ్ళలో పడ్డాయి. వాటిని వెతకడానికి కొట్టినవాళ్ళూ దిగారు, దొరకలేదు. నీళ్ళు మళ్ళించారని ఒకసారి, గట్టు చెక్కారని ఒకసారి, చేపలు చచ్చి తేలితే మందు కలిపారని ఒకసారి. ఎంత కొట్టుకున్నా మావాళ్ళు ‘అండీ’ మాత్రం మానరు. “నరికేస్తానండీ, చెబుతున్నాను” అని మా ఆయన అనడం నేను స్వయంగా విన్నాను.

కొట్టుకోవడం అయ్యాక అసలు పని మొదలవుతుంది. ఎవరు ముందు ఏలూరు వెళ్ళి ఆసుపత్రి మంచమెక్కితే వాళ్ళది కేసు, వెనక వచ్చినవాళ్ళది కౌంటర్ కేసు. అందుకని మా ఊళ్ళో దెబ్బ తిన్నవాళ్ళకన్నా కొట్టినవాళ్ళే వేగంగా పరిగెడతారు. ఏడాదో రెండేళ్ళో నడిచాక పెద్దలు కూర్చోబెట్టి రాజీ చేస్తారు. మా రెండిళ్ళ పాత కేసులన్నీ అలాగే పోయాయి.

ఆడవాళ్ళం మాత్రం ఇందులో లేము. మగవాళ్ళు మొహాలు చూసుకోని నెలల్లో కూడా ఆవిడా నేనూ గట్టుకు అటూ ఇటూ నిలబడి కబుర్లు చెప్పుకునేవాళ్ళం. ఆవిడ నాకన్నా పదేళ్ళు పెద్ద. నేను వదినగారూ అనేదాన్ని, ఆవిడా నన్ను అలాగే పిలిచేది. గొంతు చాలా బాగుంటుంది. భజనలో ఆవిడ అందుకుంటే మిగతావాళ్ళు తాళం వేయడం మరచిపోయేవాళ్ళు.

ఎక్కువ మేత కొన్న చేపల రైతులను మేత కంపెనీవాళ్ళు భార్యలతో సహా విదేశాలు తిప్పుతారు. ఈసారి యూరప్ అన్నారు. చివర్లో శని, ఆదివారాలు ప్యారిస్‌లో, ఆ రెండు రోజులూ మా ఇష్టం. రెండు కుటుంబాలకు ఒక వ్యాను. టిక్కెట్లు ముందే కొనాలి కాబట్టి ఏ పూట ఎక్కడికో రెండు కుటుంబాలూ కలిసి ఒక కాగితం మీద రాసి సంతకాలు పెట్టి ఇవ్వాలి. చెరువుల వరసను బట్టి జతలు వేశారు. మాకు వాళ్ళు పడ్డారు.

మా ఆయనకు శనివారం తెల్లవారగానే చేపల మార్కెట్ ఉంటే చాలు. వాళ్ళాయనకూ అదే. ఇన్నేళ్ళలో ఇద్దరూ ఒక మాట మీద ఉండటం అదే మొదటిసారి. మిగతాది మా ఆడవాళ్ళకు వదిలేశారు.

పెళ్ళయిన ఇరవై రెండేళ్ళలో నేనూ ఊళ్ళు తిరిగాను. ఎక్కడికెళ్ళినా పులిహోర పొట్లాలు కట్టేది నేను, ఎప్పుడు బయల్దేరాలో చెప్పేది ఇంకొకరు. ఒక రోజంతా నీ ఇష్టం, ఏం చేస్తావని నన్ను ఎవరూ అడగలేదు. ఇప్పుడు ఏకంగా రెండు రోజులు అడిగారు. వారం రోజులు ఫోన్‌లో వీడియోలు చూసి, మేత చార్టు వెనక నీలం పెన్నుతో రాశాను. శనివారం మార్కెట్ అయ్యాక ఇనప టవరు, లిఫ్టు కాదు, మెట్లే. సాయంత్రం నదిలో పడవ. ఆదివారం మధ్యాహ్నం చుట్టాలకు కొనుగోళ్ళు. ఆదివారం పొద్దున పది గంటలకు తోట.

అదొక పెద్ద తోట. మధ్యలో చిన్న చెరువు, దాని చుట్టూ ఆకుపచ్చ ఇనప కుర్చీలు. ఎవరైనా ఒక కుర్చీ లాక్కుని, ఎండ ఉన్నచోట వేసుకుని, కాళ్ళు చాపుకుని కూర్చోవచ్చు. ఎవరూ లేవమనరట. నాకు అది కావాలి. రెండు గంటలు, ఒక చెరువు పక్కన, అందులో చేపల గురించి ఆలోచించకుండా. టవరు లేకపోయినా సరే, ఆ కుర్చీ కావాలి.

ఆ రోజు మా చెరువులో పట్టుబడి. వల ఒడ్డుకు లాగుతుంటే చేపలు ఒకదాన్నొకటి తొక్కుకుంటూ ఎగిరి గట్టు మీద పడుతున్నాయి. కూలీలు వాటిని కాళ్ళతో లోపలికి తోసి, కర్ర సుత్తులతో ఐస్ దిమ్మలు పగలగొడుతున్నారు. ఐస్ కరిగిన నీళ్ళు చేపల నెత్తురుతో ఎర్రబారాయి. ఆవిడ పెన్ను పట్టుకుని సంతకం పెట్టడానికి వచ్చింది. కాగితం చదివింది.

“ఏవండీ వదినగారూ, ఆదివారం పొద్దున చర్చికి వెళ్దామండీ. అక్కడ గోడంత వాయిద్యం ఉందంట. ఫోన్‌లో విన్నాను. ఎదురుగా కూర్చుంటే గుండెలు అదురుతాయంటండీ. అది ఆదివారం పదింటికేనంట.”

“పదింటికి తోట రాశానండీ.”

“తోటలో ఏముందండీ?”

“కూర్చోడానికి.”

ఆవిడ నవ్వింది. “కూర్చోడానికి అంత దూరం వెళ్ళాలా అండీ? మా అరుగు మీద కూర్చోండి, ఎవరొద్దన్నారు?”

నవ్వుతూనే కాగితం మోకాలి మీద పెట్టుకుని నా ఆదివారం మీద అడ్డంగా గీత గీసింది.

కొనుగోళ్ళు మానుకుని తోటను మధ్యాహ్నానికి మార్చుకుంటే సరిపోయేది. ఈ మాట రాయడానికి ఒక్క నిమిషం పట్టింది. ఆ రోజు తట్టలేదు. తట్టినా ఒప్పుకునేదాన్ని కాదేమో.

గూబ గుయ్యిమనిపిస్తానని పిల్లలను వందసార్లు బెదిరించి ఉంటాను, ఎవరినీ అలా కొట్టలేదు. ఆవిడను కొట్టాను. నా అరచెయ్యంతా ఆవిడ ఎడమ చెవి మీద పడింది. ఆవిడ ఐస్ పెట్టెల మీద పడి, లేచి, నా జుట్టు పట్టుకుంది. నేను ఆవిడ చెయ్యి కొరికాను. గాజులు పగిలి నా మణికట్టు కోసుకుంది. అటునుంచి వాళ్ళాయన గెడకర్రతో వచ్చారు, ఇటునుంచి మా ఆయన పార తీశారు. కూలీలు అడ్డం పడకపోతే ఇంకా ఎన్ని వేళ్ళు చెరువులో పడేవో తెలియదు. వాళ్ళాయన ముందు పన్ను ఊడింది, మా ఆయన మోచెయ్యి వాచింది. చెప్పడానికి సిగ్గేస్తోంది గానీ, కొట్టినంతసేపూ నాకు హాయిగా ఉంది.

“బండెక్కు. వాళ్ళకన్నా ముందు ఏలూరు చేరాలి” అన్నారు మా ఆయన.

“కొట్టింది నేనండీ.”

“నువ్వేం మాట్లాడకు. ఆ చెయ్యి పట్టుకుని ఏడు.”

ఏడ్చాను. రాసుకోవడానికి వచ్చిన కానిస్టేబుల్‌తో, ఆవిడే ముందు చెయ్యి చేసుకుందండీ అని చెప్పాను. ఆ మాట నేను చెప్పిందే, ఎవరూ నా నోట్లో పెట్టలేదు. గంట తరువాత ఆవిడను తెచ్చి నా ఎదురు మంచం మీద పడుకోబెట్టారు. చెవిలో దూది పెట్టారు. దూది ఎర్రగా ఉంది. ఆవిడ నా కట్టు వైపు, నా మొహం వైపు చూసింది. తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండేది.

ఆ వారమే పాస్‌పోర్టు విచారణకు పోలీసు మా ఇంటికి వచ్చాడు. కాగితాలు చూసి, టీ తాగి, “కేసుంది కదండీ. మీవీ ఆగిపోతాయి, వాళ్ళవీ ఆగిపోతాయండీ” అన్నాడు. మా నలుగురిలో ఒక్కరికైనా ఆ సంగతి తట్టలేదు. ఎవరు ముందు మంచమెక్కాలన్నదే తట్టింది. పోలీసు వెళ్ళాక మా ఆయన ఆ టీ గ్లాసు గోడకేసి కొట్టారు. నేను నా కాగితాన్ని ముక్కలు చేద్దామని తీసి, చేయలేక మళ్ళీ మడత పెట్టాను.

నెలలు గడిచాక పెద్దలు రాజీ కుదిర్చారు. ఏలూరు కోర్టులో శనివారం లోక్ అదాలత్, రెండు కేసులూ కొట్టేయించుకోవాలి. తీరా చూస్తే మిగతా రైతులందరూ ప్యారిస్‌లో ఉన్న శనివారం అదే. మగవాళ్ళిద్దరూ బయట టీ కొట్టు దగ్గర చేపల ధర మాట్లాడుకుంటున్నారు. వరండాలో ఆవిడ ఒక బల్ల మీద, నేను ఎదురు బల్ల మీద కూర్చున్నాం. పదకొండున్నర అయింది.

“అక్కడిప్పుడు ఎంతయిందండీ?” అంది ఆవిడ. అన్ని నెలల తరువాత నాతో అదే మొదటి మాట.

“ఎనిమిదండీ.”

“మనం ఎక్కడుండేవాళ్ళం?”

“చేపల మార్కెట్లో.”

ఆవిడకు నవ్వొచ్చింది. నాకు ఏడుపొచ్చింది. లేచి వెళ్ళి ఆవిడ పక్కన కూర్చున్నాను. బ్యాగులోంచి కాగితం తీసి, ఆవిడ గీసిన గీత పక్కన ‘చర్చి’ అని రాశాను. ఆవిడ గుమ్మం వైపు చూస్తోంది.

“తప్పు నాదే వదినగారూ. ఆదివారం మీరు చెప్పిన చోటికే వెళ్ళుండాల్సింది” అన్నాను మెల్లగా.

ఆవిడ తల తిప్పలేదు. ఇంకోసారి అన్నాను. అప్పుడు నా చెయ్యి తగిలి ఇటు చూసింది.

“ఏమన్నారండీ? ఆ చెవి పోయిందండీ, ఇటొచ్చి చెప్పండి” అని, తన కుడిపక్కన ఉన్న సంచీ తీసి ఒళ్ళో పెట్టుకుని చోటిచ్చింది.