సునీత నొక్కిన మీట

మీట నొక్కిన వేలు వితంతువుదని కంప్యూటర్‌కు తెలుస్తుందని మీరు నమ్ముతారా?

తొంభైల చివర నల్గొండలో ఒక కంప్యూటర్ కేంద్రంలో నేనూ సునీతా పాఠాలు చెప్పేవాళ్లం. భర్త పోయిన ఆమెకు ఆ జీతమే ఆధారం. ఆపరేటింగ్ సిస్టమ్‌కు గుండెకాయ లాంటి కెర్నల్‌ను ఇద్దరం మా అవసరాలకు తగ్గట్టు కంపైల్ చేశాం, అంటే యంత్రానికి అర్థమయ్యే రూపంలోకి మార్చాం. కంప్యూటర్ లోపలే నడిచే ఉత్తుత్తి కంప్యూటర్‌లో, అంటే వర్చువల్ మెషీన్‌లో, అది చక్కగా పనిచేసింది. అసలు యంత్రంలో మొదలుపెట్టడానికి యజమాని ముహూర్తం చూసి కొబ్బరికాయ కొట్టాడు. సునీత మీట నొక్కింది. తెర మీద అక్షరాలు పరుగెత్తి, ఆగిపోయాయి.

"శుభమా అని మొదలువెడితే ఈమెనెందుకు గూసోబెట్టిన్రు? రేపటి సంది రావద్దమ్మా!" అన్నాడు యజమాని.

సునీత సంచి అందుకుంది.

"జర తెర చదువుండ్రి సార్! డిస్క్ దొరకలేదని ఉంది. వర్చువల్ మెషీన్ డ్రైవర్లు పెట్టి, అసలు డిస్క్‌ను నడిపే ప్రోగ్రామ్, అదే డ్రైవర్, మరిచినం. తప్పు ఇద్దరిదైతే నన్నెందుకు పొమ్మంటలేరు?" అన్నాను.

డ్రైవర్ చేర్చి మళ్లీ కంపైల్ చేశాం.

"గీసారి నువ్వు నొక్కు," అన్నాడాయన నాతో. నేను కుర్చీలోంచి లేచి సునీతకు చోటిచ్చాను. సునీతే నొక్కింది. యంత్రం లేచింది.

మర్నాడు ఆమె పాఠం చెప్పడానికి వచ్చింది. ఆయన మాత్రం క్షమాపణ చెప్పలేదు.

మీ ఇంటి శుభకార్యంలో వెనక వరుసలో నిలబెట్టిన స్త్రీ ఉందా? ఈసారి ఆమెను ముందుకు పిలవండి, ఆమె చేతితోనే మొదలుపెట్టించండి!