అమ్మ డబ్బాలోని ఆముదం

డిగ్రీ మొదటి ఏడాది పిల్లలకి లిపిడ్ల, అంటే కొవ్వుల, ప్రాక్టికల్ వచ్చిందంటే టెక్కలి బజారుకి నేనే వెళ్ళి నూనెలు కొనుక్కొస్తాను. ఇళ్ళ నుంచి తెమ్మని పిల్లల్ని అడగను. నేను చదువుకునేటప్పుడు మా మేడమ్ అడిగారు. ఆ మంట నాకింకా చల్లారలేదు.

అప్పట్లో అమ్మ పలాసలో జీడిపిక్కలు కొట్టే పనికి వెళ్ళేది. పిక్క తొక్కలోని నూనె తగిలితే చర్మం నల్లబడి, పొక్కి, పొరలుగా ఊడిపోతుంది. అందుకని పనిలో కూర్చునే ముందు ఆడవాళ్ళంతా వేళ్ళకి ఆముదం పట్టించుకుంటారు. ఆ ఆముదం పంచే పని మా పిన్నిది. అమ్మకి సొంత చెల్లెలు. పొద్దున్నే ఒక్కొక్కరి చిన్న డబ్బాలో గరిటెతో పోసేది. పిన్నికి పిల్లల్లేరు. ఆదివారం వచ్చిందంటే సీసాలో ఆముదం పట్టుకుని మా ఇంటికొచ్చి, నా తలకి మర్దన చేసి, రెండు జడలు వేసి వెళ్ళేది. నా జుట్టు నడుము దాటేది. దాన్ని చూసుకుని నాకెంత పొగరో, పిన్నికి అంతకన్నా ఎక్కువ.

ఆ ఏడాది అమ్మ వేళ్ళు మరీ పాడయ్యాయి. అన్నం కలుపుకోలేక చెంచాతో తినేది. వయసు మీద పడుతోంది కదా అనేది. ఇంకో వింతేమిటంటే, పని నుంచి వచ్చాక ఆమె చేతులు బజ్జీల వాసన వేసేవి. "మాకు పెట్టకుండా దార్లో తినేసి వత్తన్నావా?" అని ఏడిపించేదాన్ని. అమ్మ నవ్వేసి ఊరుకునేది.

ఒక రోజు కాలేజీలో మేడమ్ బోర్డు మీద కొవ్వు అణువు బొమ్మగా ఒక గుండ్రటి తల, దానికి రెండు పొడుగాటి తోకలు గీశారు. తలకి నీళ్ళంటే ఇష్టం, తోకలకి నీళ్ళు పడవు. అందుకని తోకల్ని లోపల దాచుకుని, తలల్ని బయటపెట్టి రెండు వరసలుగా నిలబడతాయి. మన ఒంట్లో ప్రతి కణానికీ చుట్టూ ఉండే పొర అదే. చర్మం పైభాగంలోనూ కణాల సందుల్ని కొవ్వులే పూడుస్తాయి, ఇటుకల మధ్య సిమెంటులా. నీళ్ళు ఆ గోడ దాటలేవు. జీడితొక్క నూనె మాత్రం దాటుతుంది. దానికీ పొడుగాటి కొవ్వు తోక ఉంది. తనలాంటిదే కాబట్టి చర్మం దాన్ని లోపలికి రానిస్తుంది, వచ్చాక అది కాల్చడం మొదలుపెడుతుంది. అమ్మ వేళ్ళు గుర్తొచ్చి ఆ మాట కింద రెండు గీతలు గీసుకున్నాను.

ప్రాక్టికల్‌కి తలా ఒక నూనె తెమ్మన్నారు. నేను అమ్మ డబ్బాలో మిగిలింది పట్టుకెళ్ళాను. నీళ్ళలో ఎవరి నూనే కలవలేదు. ఆల్కహాల్లోనూ మామూలు నూనెలు కలవవు, ఆముదం ఒక్కటే కలుస్తుంది, దాని తోక మధ్యలో ఆల్కహాల్‌తో స్నేహం చేసే పరమాణువుల చిన్న గుంపు ఒకటుంది అని మేడమ్ చెప్పారు. "నాదే ఆముదం" అని అందర్నీ పక్కకి జరిపి టెస్ట్ ట్యూబ్ ఊపాను. తెల్లగా పాలలా విరిగి, కాసేపటికి నూనె అడుగున పొరగా కూర్చుంది.

మేడమ్ వాసన చూశారు. "ఇందులో ఆముదం తక్కువే అమ్మా. ఎక్కువ భాగం వంటనూనె. అదీ ఏదో వేయించిన నూనె."

క్లాసంతా నవ్వింది. నేను ఆముదం తాగినట్టు మొహం పెట్టుకుని నిలబడ్డాను. మా చిన్నాన్నకి, అంటే పిన్ని మొగుడికి, బజ్జీల బండి ఉంది.

అయినా నమ్మబుద్ధి కాలేదు. ఫ్యాక్టరీవాళ్ళే కల్తీది కొన్నారేమో అనుకున్నాను. అలా అయితే బాగుండునని కోరుకున్నాను కూడా. ఆ సాయంత్రమే పిన్ని ఇంటికెళ్ళి, కాలేజీకి కాస్త ఆముదం కావాలన్నాను.

"నీకు కాకపోతే ఎవురికే! పట్టుకెళ్ళు. ఫ్యాక్టరీకొచ్చే మంచి సరుకు, కల్తీ నేదు" అంటూ చిన్న సీసా నిండా పోసింది.

మర్నాడు ల్యాబ్‌లో అది ఆల్కహాల్లో చుక్క కూడా మిగలకుండా కలిసిపోయింది. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. టెస్ట్ ట్యూబ్ పట్టింది. ఆ ఆడవాళ్ళ చేతులకి రావలసింది ఇన్నాళ్ళూ నా తలకెక్కింది. బండి మూకుట్లో మాడి మిగిలింది వాళ్ళ డబ్బాల్లోకి వెళ్ళింది.

ఇంటికొచ్చి బ్యాగు కూడా దించకుండా అమ్మకి చెప్పాను. అమ్మ బియ్యం చెరుగుతోంది. చేట ఆపలేదు.

"నాకు తెల్దేటే? ఆ వాసన పోల్చుకోనేనా?"

"తెలిసీ రాసుకుంతన్నావా?"

"దానికి పిల్లల్నేరు. నీ జుట్టంటే పేనం. నీకే కదాని ఊరుకున్నాను."

"మరి మిగతా ఆడోల సంగతేటమ్మా?"

అమ్మ బియ్యంలో రాళ్ళు వెతుక్కుంటూ, "ఎవురికీ సెప్పకు. అది నా సెల్లి" అంది. పిన్ని చేసినదానికన్నా ఆ మాట నన్ను ఎక్కువ కాల్చింది. ఇద్దరూ కలిసి నన్ను మోసం చేశారనిపించింది. నా జుట్టు నాకే అసహ్యం వేసింది.

ఆదివారం పిన్ని ఎప్పట్లాగే సీసా, దువ్వెన పట్టుకుని వచ్చింది. "రాయే, కూకో" అంది. ఇక జన్మలో తలకి నూనె పెట్టించుకోననీ, ఫ్యాక్టరీలో అందరికీ చెప్పేస్తాననీ వారమంతా మనసులో వల్లె వేసుకున్నాను. తీరా ఆమె ఎదురుపడేసరికి సీసా లాక్కుని, అమ్మ పక్కన కూర్చుని, ఆమె రెండు చేతులూ పట్టుకుని ఆ ఆముదమంతా వేళ్ళకి పట్టించాను.  పిన్ని మొహం పాలిపోయింది.

అమ్మ చెల్లెలి మొహం చూసింది. చేతులు మెల్లగా వెనక్కి తీసుకుంది.

"ఈ రోజు పన్నేదు కదే, నాకేల" అంటూ రెండు చేతులూ నా తలకి తుడిచేసింది. ఆమె వేళ్ళ పగుళ్ళలో వెంట్రుకలు చిక్కుకుని రెండు మూడు తెగాయి.

పిన్ని దువ్వెన తీసింది. నేను తల వంచాను.