ఎనిమిదంటే ఎప్పుడు?

దెస్సీ కొండల్లో మాదొక చిన్న ఆసుపత్రి. అక్కడ హెచ్ఐవీ పిల్లల విభాగంలో చీట్లు రాసేదాన్ని నేను. ఎవరెంత చదివారో, ఎవరికెంత తెలుసో రోజూ చూస్తుంటాను. రెండూ ఒకటి కావు. మా ఉబాలెం ఆరో తరగతి దాటలేదు. ఆమెకూ ఆ జబ్బుంది. మందు సరిగా వేసుకోని పిల్లల ఇళ్ళు వెతుక్కుంటూ తిరగడం ఆమె ఉద్యోగం.

ఇదివరకు పిల్లలకు మందివ్వడం మా వల్ల కాక రాజధానికి పొమ్మనేవాళ్ళం. టొరంటోలో డాక్టరైన మా ఊరి హీరుత్, అక్కడి మనవాళ్ళను పోగుచేసి మందులు తెచ్చింది, మాకు పని నేర్పింది. మందు వేళలు చెప్పే బొమ్మల కార్డులూ అచ్చు వేయించి తెచ్చింది. సూర్యుడి పక్కన ఒక గడియారం, చంద్రుడి పక్కన ఒకటి, రెంటిలోనూ ముల్లు ఎనిమిది మీద.

ఏడేళ్ళ బెమ్నెత్ రక్తంలో మాత్రం వైరస్ తగ్గలేదు. మందు మార్చేద్దామంది హీరుత్. ఆ రెండో మందూ పనిచేయకపోతే ఇవ్వడానికి మా దగ్గర మూడోది లేదు.

"ఒక్కరోజు ఆగండి డాక్టరమ్మా," అని ఉబాలెం ఆ పిల్ల ఇంటికి బయల్దేరింది. తోడుగా నన్నూ లాక్కుపోయింది.

మధ్యాహ్నం భోజనాలయ్యాక బెమ్నెత్ అమ్మమ్మ జెనెబెచ్ మాకు కాఫీ కాచింది. రెండో కప్పు పోస్తూ పోస్తూ లేచింది.

"ఎనిమిదైంది. పిల్లకు మందు వేళ."

ఉబాలెం కప్పు కింద పెట్టింది. "మరి రాత్రి ఎనిమిదిది?"

"నడిరేయి దాటాక ఏ పిల్ల లేస్తుందే? నెల్లాళ్ళు లేపాను. బళ్ళో కునికిపాట్లు పడుతోందని పంతులు తిట్టాడు. మానేశాను. నీ డాక్టరుకు చెప్పకు."

మా దేశంలో గంటల లెక్క పొద్దు పొడుపు నుంచి. పొద్దెక్కిన గంటకు ఒంటిగంట, పొద్దుటి తిండి వేళకు రెండు. ఆ రెండునే టొరంటోలో ఎనిమిదంటారు. అక్కడి అలవాటుతో గీశారు కార్డు. వాళ్ళందరూ ఇక్కడ పుట్టినవాళ్ళే, ఒక్కరికీ తట్టలేదు. తప్పు నాదీ ఉంది. వందల కార్డులు ఈ చేత్తోనే ఇచ్చాను, ఒక్కదాన్నీ తేరిపార చూడలేదు.

మర్నాడు ఆసుపత్రి పెద్దలందరి ముందూ ఉబాలెం కార్డు బల్ల మీద పెట్టింది. "మందు తప్పు కాదమ్మా. మీ ఎనిమిది మా రెండు. అవ్వ మీరు గీసిన ఎనిమిదికే ఇచ్చింది, నడిరేయి పిల్ల లేవక సగమే పడింది."

హీరుత్ కార్డు చేతిలోకి తీసుకుంది. "పద్దెనిమిదేళ్ళు ఈ ఊళ్ళోనే పెరిగాను," అంది మెల్లగా. "నా ఊరి గడియారమే మర్చిపోయాను. ఇకమీదట ఏ కార్డయినా ముందు ఉబాలెం చదవాలి. ఆమె సరేనంటేనే అచ్చు."

నా ఛాతీ ఎంత పొంగిందో చెప్పలేను. కన్నకూతురు గెలిచినా అంత పొంగి ఉండేదాన్ని కాను.

కార్డులన్నీ మార్చాం. బెమ్నెత్‌కు మందు అదే ఉంచి, వేళ మార్చాం. మూడు నెలలకు పరీక్ష కాగితం వచ్చింది. ఉబాలెం రెండుసార్లు చదివింది. వైరస్ కనబడటం లేదని అవ్వకు చెప్పింది.

అవ్వకు ఆ మాట ఎక్కలేదు. "అంటే? నా పిల్ల చావదుగా?"

"చావదు అవ్వా. నీ అంత ముసలిదవుతుంది."