సున్నం బళ్ళు ఆగిన బజారు

పెళ్ళయి గుంటూరు కాపరానికి వచ్చిన కొత్తలో, బజారంటే నాకు మా మేడమీద వరండాలోంచి కనిపించినంత మేరే. కింద మామగారి బట్టల కొట్టు, పైన మా ఇల్లు. గుంటూరులో హైకోర్టు ఉన్న రోజులవి. వకీళ్ళు, కక్షిదార్లు, పత్తీ మిరపకాయలూ అమ్ముకోవడానికి వచ్చిన రైతులు, వాళ్ళతో పండక్కి బట్టలు కొనుక్కోవడానికి వచ్చిన ఆడవాళ్ళు - పొద్దున్నుంచీ దీపాలు పెట్టేదాకా బజారు కిటకిటలాడుతూ ఉండేది. మా ఇంటి ఆడవాళ్ళు పగటిపూట కొట్టు ముందుకు దిగే ఆనవాయితీ లేదు. ఏదైనా కావాలంటే పైనుంచి కేకవేసి, తాడుకి కట్టిన బుట్ట కిందికి వదిలేవాళ్ళం.

కొట్లవాళ్ళు ఏడాది పొడుగునా ఉండేవాళ్ళు. వాళ్ళ ముందు, రోడ్డు వారన, కాలాన్నిబట్టి వచ్చిపోయేవాళ్ళు ఇంకొందరు. ఎండాకాలం ముంజలవాళ్ళు, వానలకు ముందు గొడుగులు బాగుచేసేవాళ్ళు, దీపావళికి ప్రమిదలవాళ్ళు. చలి మొదలయ్యేసరికి పిడుగురాళ్ల వైపునుంచి సున్నం బళ్ళు వచ్చేవి. క్రిస్మస్‌కి క్రైస్తవుల పేటల్లో ఇళ్ళకీ, గుడికీ వెల్ల వేసుకునేవారు. ఆ వెనకే సంక్రాంతికి మిగిలిన ఊరంతా వేసుకునేది. అందుకని ఆ కాలమంతా సున్నానికి గిరాకీ. బట్టీలో కాల్చిన రాయిని గడ్డలుగానే తెచ్చి అమ్మేవాళ్ళు. ఇంటికి తీసుకెళ్ళి తొట్టిలో వేసి నీళ్ళు పోస్తే, ఆ గడ్డలు బుసలుకొడుతూ ఉడికి, విచ్చుకుని, తెల్లటి ముద్దయ్యేవి. తడి తగిలితే సరుకంతా పాడే కాబట్టి, అమ్మేవాళ్ళు గడ్డల కుప్పమీద తాటాకు చాపలు కప్పుకుని కాపలా కాసుకునేవాళ్ళు.

మా కొట్టుకు ఎదురుగా కూర్చునేది ఒక సున్నం ఆమె. పొడగరి. మోచేతులదాకా ఎప్పుడూ తెల్లగా పొడిపట్టి ఉండేది. మొగుడు బండి తోలేవాడు, ఆమె అమ్మేది. గొంతు పెద్దది. మా అత్తగారు పైనుంచి బేరమాడుతుంటే, ఆమె కిందినుంచి తల ఎత్తి జవాబు చెప్పేది.

"గడ్డలు చిన్నవిగా ఉన్నాయేమే ఈ ఏడు?" అనేవారు అత్తగారు.

"రాయి పెద్దదైతే లోపల కాలదమ్మగారూ. చిన్నగడ్డే గుల్లగా ఉడుకుద్ది. నామాట నమ్మకపోతే నిరుటి గోడ చూసుకోండి," అనేది ఆమె.

అత్తగారు నవ్వి బుట్ట వదిలేవారు. ఆవిడ అంత తేలిగ్గా నవ్వే మనిషి కాదు. సున్నం ఆమెతో మాట్లాడుతున్నప్పుడు మాత్రం మొహం విప్పారేది. అది చూసి నేనూ వరండాలోకి వచ్చి నిలబడేదాన్ని. నన్ను చూసి, "కొత్త కోడలుగారికి మా ఊరు చూపించాల. రాత్రిళ్ళు బట్టీలు మండుతుంటే తిరనాళ్ళలా ఉంటది," అంది ఒకసారి.

కాపరానికొచ్చిన రెండో ఏడు గొడవ మొదలైంది. నల్లబట్ట తాను విప్పితే దానిమీద తెల్లటి పొడి కనపడుతోందని ఒక కొట్టాయన అన్నాడు. బళ్ళు అడ్డంగా నిలపడంవల్ల జట్కాలు కొట్టుదాకా రావడం లేదని ఇంకొకాయన అన్నాడు. మా హాల్లోనే సమావేశమయ్యారు. నేను తలుపు వెనకనుంచి కాఫీలు అందిస్తూ విన్నాను.

"పన్నులు కట్టేది మనం. రోడ్డుమీద కూర్చునేది వాళ్ళు," అన్నారు ఒకరు.

"వాళ్ళకోసం వచ్చేవాళ్ళే కదండీ, పనిలోపనిగా మన కొట్లలోకీ వస్తున్నారు," అన్నారు ఒక ముసలాయన. ఎవరూ ఆయన మాట పట్టించుకోలేదు.

మునిసిపాలిటీలో పలుకుబడి ఉన్న పెద్దమనిషి ఒకాయన వచ్చి ఉన్నాడు. "మీరు చెబితే వ్యాపారులు చెప్పారంటారు. జనం ఏమంటున్నారో చెప్పండి, అప్పుడు కదులుతుంది పని," అన్నాడాయన.

ఆ రోజునుంచీ మా మామగారు కొట్టుకొచ్చిన ప్రతివాళ్ళనీ అడగడం మొదలుపెట్టారు. ఆయన గొంతు మెట్లమీదుగా పైకి వినిపించేది. "ఏమండీ, ఈ సున్నంవాళ్ళతో మీకు ఇబ్బందిగా లేదూ?" అనేవారు. అలా అడిగితే ఎవరు లేదంటారు? బట్టలు బేరమాడుతూ, పైగా ఒక గజం ఎక్కువ కొలిపించుకోవాలని చూస్తూ, "నిజమేనండి, ఊరవతల పెట్టుకోమనాలి," అనేవాళ్ళు. ఒక మాస్టారుగారు దుమ్ముకి ఉబ్బసం వస్తోందని చాలాసేపు చెప్పి, కొట్టు దిగి, నేను చూస్తుండగానే ఆమె దగ్గర సున్నం మూట కట్టించుకుని రిక్షా ఎక్కారు. ఆయన అబద్ధం చెప్పాడని నేననుకోలేదు. కొట్టులో ఉన్నప్పుడు ఆయనకు అలా అనిపించింది. రోడ్డుమీదికి వచ్చాక ఇంటిగోడలు గుర్తొచ్చాయి.

మా అరుగుమీద కుట్టుమిషను పెట్టుకున్న సాయిబుగారు ఒక్కడే ఎదురు చెప్పాడు. "వాళ్ళని ఇవాళ లేపితే రేపు నన్నూ లెమ్మంటారు కదండీ," అన్నాడు. మామగారు నవ్వి ఊరుకున్నారు.

జనంలో ఈ మాట పాకాక బజారు తీరు మారింది. అంతకుముందు పక్కకు తప్పుకుని వెళ్ళేవాళ్ళు ఇప్పుడు కావాలని చాపలు తొక్కుతూ నడిచేవాళ్ళు. పిల్లలు కూడా "సున్నం బూచీ" అని అరిచేవాళ్ళు. ఆమె గొంతు తగ్గింది. ఒకరోజు అత్తగారితో, "మేం ఏం చేశామమ్మగారూ?" అని అడిగింది. "కొన్నాళ్ళు ఓపికపట్టు," అన్నారు అత్తగారు.

ఆ మధ్యాహ్నం నాకు బాగా గుర్తు. ఆమె మొగుడు ఎద్దులకు నాడాలు కొట్టించడానికి వెళ్ళాడు. ఆమె కుట్టుమిషను అరుగు చాటున కూర్చుని అన్నం తింటోంది. మా కొట్టు గుమాస్తా రోజూలాగే దుమ్ము అణగడానికి నీళ్ళు చల్లుతూ బయటికి వచ్చాడు. నేను వరండాలో బట్టలు ఆరేస్తున్నాను. అతను అటూ ఇటూ చూశాడు. రోడ్డు దాటి వెళ్ళాడు. కాలితో చాప అంచు ఎత్తి, బాల్చీలో మిగిలిన నీళ్ళు కుప్పమీద గుమ్మరించి, చాప మళ్ళీ కప్పి, లోపలికి వచ్చేశాడు. నేను అత్తగారిని పిలిచేలోపలే చాపకింది నుంచి ఆవిరి లేచింది.

ఆమె అన్నం చెయ్యి కడుక్కోకుండానే పరుగెత్తుకొచ్చింది. చాప లాగేసి, పొడిగా ఉన్న గడ్డలన్నా దక్కించుకోవాలని వంగి రెండు చేతులతో పక్కకు లాగుతోంది. కుప్ప మధ్యలో ఒక గడ్డ పేలింది. కాగుతున్న సున్నం ఆమె మొహంమీదికి చిమ్మింది.

ఆమె అరవలేదు. మొహం కప్పుకుని అక్కడే కూలబడింది. జనం చుట్టూ మూగారు. ఎవరో నీళ్ళు తెమ్మన్నారు. ఇంకెవరో, "నీళ్ళు తగిలితే కళ్ళలో కూడా ఉడుకుద్ది, పొయ్యకండి," అన్నారు. నూనె అన్నారు, చనుబాలు అన్నారు. వాదించుకుంటున్నారే గానీ ఎవరూ ముట్టుకోవడం లేదు. మా అత్తగారు వరండాలోంచి వంగి, "కడగండర్రా, కళ్ళు కడగండి," అని కేకలు వేస్తున్నారు. ఆవిడ మాట ఆ గోలలో ఎవరికీ ఎక్కలేదు.

నేను నీళ్ళబిందె ఎత్తుకుని మెట్లు దిగాను. కొట్టులోంచి మామగారు, "అమ్మాయ్, ఎక్కడికి?" అన్నారు. నేను ఆగలేదు. ఆమె తల నా ఒళ్ళో పెట్టుకుని, రెప్పలు విడదీసి, బిందె ఖాళీ అయ్యేదాకా పోశాను. సాయిబుగారు ఇంకో కుండ తెచ్చి ఇచ్చాడు. ఆమె నా మణికట్టు పట్టుకుని ఉంది. ఆ పట్టు ఎంత గట్టిదంటే గాజులు చిట్లి నాకు గుచ్చుకున్నాయి. "నా సరుకమ్మా, నా సరుకు," అంటోంది, కళ్ళ సంగతి అడగకుండా.

రిక్షాలో ఆమెతోపాటు పెద్దాసుపత్రికి నేనే వెళ్ళాను. కుడికన్ను దక్కింది. ఎడమకన్ను పోయింది.

మర్నాడు సబినస్పెక్టరు వచ్చేసరికి బజారు ఒక మాట మీదికి వచ్చేసింది. జనం మధ్య ఇంత ప్రమాదకరమైన సరుకు పెట్టుకుని కూర్చోవడం వాళ్ళదే తప్పు. నీళ్ళు ఎలా పడ్డాయో ఎవరూ చూడలేదు. దుమ్ముకి చల్లిన నీళ్ళు పారి ఉంటాయి. "ఇదే మేం ముందునుంచీ చెబుతున్నాం," అన్నారు, మొదట నల్లబట్టమీద పొడి సంగతెత్తిన కొట్టాయన.

సబినస్పెక్టరు మామగారి ఎదుట కూర్చుని కాఫీ తాగుతుండగా నేను హాల్లోకి వెళ్ళాను. "నీళ్ళు పారలేదండి. మా గుమాస్తా చాప ఎత్తి పోశాడు. నేను చూశాను," అన్నాను.

మామగారు కప్పు కింద పెట్టారు. గుమాస్తాను పిలిపించారు. ముప్పై ఏళ్ళ మనిషి, నెమ్మదస్తుడు, నన్ను ఎప్పుడూ తలెత్తి చూసి ఎరగడు. తల వంచుకుని నిలబడ్డాడు. "సరుకు చెడిపోతే వాళ్ళే లేచిపోతారనుకున్నానండి. పేలుద్దని అనుకోలేదండి," అన్నాడు. ఆ మాట అంటూ ఒక్కసారి మా మామగారి మొహంలోకి చూశాడు. మామగారు కిటికీవైపు చూస్తున్నారు.

సబినస్పెక్టరు కేసు రాసుకుని వెళ్ళాడు. ఆ సాయంత్రమే గుమాస్తాను పనిలోంచి తీసేశారు. దాంతో జనం మళ్ళీ మారారు. మొదట రెండు మూడు రోజులు, "ఎంత పాపానికి ఒడిగట్టాడు," అన్నారు. అతని భార్య చంటిపిల్లను ఎత్తుకుని మా కొట్టు ముందుకొచ్చి ఏడ్చాక, "పాపం, యజమానికి మేలు చెయ్యబోయి బలైపోయాడు," అన్నారు. చివరికి మాట నామీదికి వచ్చింది. ఇంటి గుట్టు పోలీసులకు చెప్పిన కోడలు. బజార్లో కూర్చుని ఎవరి తలో ఒళ్ళో పెట్టుకున్న కోడలు. చుట్టాల ఇంటికి పేరంటానికి వెళితే, బొట్టు పెట్టి పక్కకు తిరిగేవారు. మా అత్తగారు మాత్రం ఆ రోజుల్లో నాకు జడ వేయడం మొదలుపెట్టారు. అంతకుముందు ఎప్పుడూ వెయ్యలేదు. దేని గురించీ మాట్లాడేవారు కాదు, ఊరికే జడ వేసేవారు.

మావారిని ఒకసారి అడిగాను. "గుమాస్తా తనంతట తాను పోశాడంటారా?"

"నాన్న చెప్పారో లేదో నాకు తెలీదు. నేనడగలేదు. నువ్వూ అడక్కు," అన్నారాయన.

నేను అడగలేదు. మామగారు ఆ తర్వాత చాలా ఏళ్ళు బతికారు. నాతో మామూలుగానే ఉన్నారు. నా పిల్లలను ఒళ్ళో పెట్టుకుని ఆడించారు. ఆ చేతులు చూసినప్పుడల్లా, నాకు గుమాస్తా తలెత్తి చూసిన చూపు గుర్తుకొచ్చేది. ఆయన ఏమీ అనకుండానే, ఆయన మనసు తెలుసుకుని ఆ పని చేశాడేమో. బజారంతా రోజుల తరబడి అన్నదే చేశాడేమో. ఆ పని ఎవరిదో ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను.

మరుసటి ఏడు మునిసిపాలిటీవాళ్ళు సున్నంవాళ్ళకు రైలుకట్ట అవతల ఖాళీస్థలం చూపించారు. బజారు శుభ్రంగా ఉంది. డిసెంబరు వచ్చేసరికి, "ఒక్క సున్నపుగడ్డకోసం అంతదూరం పోవాలా? ఎవరి బుర్రలో పుట్టిందో ఈ ఆలోచన," అని మా కొట్టులోనే జనం విసుక్కోవడం విన్నాను. మామగారు, "అవునండీ, ఇబ్బందే," అన్నారు.

నేను రిక్షా కట్టించుకుని రైలుకట్ట అవతలికి వెళ్ళాను. ఆమె లేదు. మొగుడు ఒక్కడే కుప్ప దగ్గర కూర్చుని ఉన్నాడు. నన్ను గుర్తుపట్టి లేచాడు గానీ, మొహంలో ఆదరణ లేదు.

"ఆమె ఎలా ఉంది?" అని అడిగాను.

"ఉందమ్మా. బట్టీ దగ్గరికి పోకూడదు, సెగ తగిల్తే మిగిలిన కన్ను కూడా కారిపోద్ది. మిరపతోట్లకీ రానివ్వటంలేదు, ఘాటు పడదని. పత్తి తీతకి పోద్ది, దొరికిననాడు."

"కేసు ఏమైంది?"

అతను తలగుడ్డ విప్పి మొహం తుడుచుకున్నాడు. "మీరు సాక్ష్యం చెప్పారంట గదమ్మా. మంచి మనసుతోనే చెప్పుంటారు. ఆ కేసుకోసం వాయిదాకల్లా బండి వదిలేసి గుంటూరు రావాల్సొచ్చింది. సరుకు అక్కడ, నేనిక్కడ. దాని కంటికి కట్టు కట్టేవాళ్ళు లేరు ఇంటికాడ. ఇక తిరగలేక రాజీ అయిపోయామమ్మా."

నిజం చెప్పడంతో నా పని అయిపోయిందనుకున్నాను. ఆ తర్వాత వాళ్ళు ఎన్నిసార్లు ఆ దారి నడవాలో నాకు తట్టనేలేదు. అయినా, మళ్ళీ ఆ హాల్లో నిలబెడితే అదే మాట చెబుతాను. అదీ నిజమే. ఈ రెంటినీ ఎలా కలుపుకోవాలో నాకెవరూ చెప్పలేదు.

"ఒకసారి ఆమెని తీసుకురా. చూడాలని ఉంది," అన్నాను.

"రాదమ్మా. గుంటూరు పేరెత్తితేనే పక్కకి తిరిగి పడుకుంటది," అన్నాడు. తర్వాత నా మొహం చూసి, కొంచెం మెత్తబడి, "మీరు బాగున్నారా అని అడుగుద్దిలే అప్పుడప్పుడూ," అన్నాడు.

నిజంగా అడిగేదో, నన్ను ఓదార్చడానికి అన్నాడో తెలియదు. సంచి నిండా గడ్డలు ఏరి కట్టాడు. రిక్షాలో నా కాళ్ళ దగ్గర పెట్టి, తడి తగలనివ్వొద్దని చెప్పి, వెనక్కి వెళ్ళి కుప్ప పక్కన కూర్చున్నాడు. అప్పటికే ఒక పెద్దమనిషి అక్కడ నిలబడి, ఇంతదూరం రప్పిస్తున్నారని అతన్ని తిడుతూ బేరమాడుతున్నాడు.