నేను వెళ్ళని ఏడు ఇళ్ళు

దెయ్యాలున్నాయని నేనెప్పుడూ నమ్మలేదు. నా భయమంతా బతికున్న మనుషులంటేనే. ఎవరైనా తలుపు తీసి ముఖంలోకి చూస్తే చాలు, నోరు ఎండిపోయి చేతులు వణుకుతాయి. చిన్నప్పటి నుంచీ అందరూ నన్ను నోట్లో నాలుక లేని పిల్ల అనేవారు. ముప్పై రెండేళ్ళు వచ్చాక సూర్యారావుపేటలో ఒక డాక్టరుగారు దానికి సోషల్ యాంగ్జైటీ అని పేరు చెప్పారు.

ఆవిడ మాత్రలు తక్కువ, పనులు ఎక్కువ ఇచ్చారు. నాకు భయమైనవన్నీ చిన్నవాటి నుంచి పెద్దవాటి దాకా వరసగా రాయించి, ఒక్కొక్కటే చేయమన్నారు. "తప్పించుకున్న ప్రతిసారీ భయం ఇంకాస్త ముదురుతుందమ్మా. అది తగ్గేదాకా అక్కడే నిలబడాలి" అనేవారు. కిరాణా కొట్లో సరుకు అడగడం దాకా వచ్చాను. బంధువుల ఇళ్ళు ఆ వరసలో ఆఖరున ఉన్నాయి.

అంతలో చెల్లి పెళ్ళి కుదిరింది. నాన్న లేరు కాబట్టి అమ్మ బొట్టు పెట్టి పిలవకూడదట. ఈ ఆచారం పెట్టిన మహానుభావులెవరో గానీ వాళ్ళ మీద నాకిప్పటికీ కోపమే. ఇంట్లో పెళ్ళైన ఆడపిల్లని నేనొక్కదాన్నే. వన్ టౌన్‌లో నాన్న వైపువాళ్ళవి ఏడు ఇళ్ళు. పిలవని పేరంటానికి వచ్చే రకం కాదు వాళ్ళు. రాకపోతే పెళ్ళిలో నాన్న తరఫున ఒక్కరూ ఉండరు.

"నాన్న పరువు నీ చేతుల్లో ఉందే" అంది అమ్మ.

ఆ బుధవారం పొద్దున పదింటికి కుంకుమ భరిణె, ఏడు శుభలేఖలు పట్టుకుని బయల్దేరాను. మొదటి ఇల్లు శకుంతల పిన్నిది. సందు మొదట్లోనే కాళ్ళు ఆగిపోయాయి. వెనక్కి తిరిగి కృష్ణ ఒడ్డుకి వెళ్ళి, ఘాట్ మెట్ల మీద కూర్చుని ఏడ్చాను. ఒంటిగంట దాటాక ఇంటికెళ్ళి, అందర్నీ పిలిచానని అమ్మతో అబద్ధం చెప్పాను. శుభలేఖలు బీరువాలో చీరల కింద దాచేశాను. సిగ్గుతో డాక్టరుగారికి కూడా చెప్పలేదు.

పెళ్ళి మంగళగిరిలో. ఖాళీ కుర్చీలు చూసి అమ్మ నా వైపు తిరుగుతుందని భయపడుతూ తెల్లారినప్పటి నుంచీ గుమ్మం వైపే చూస్తున్నాను.

ఏడు ఇళ్ళవాళ్ళూ వచ్చారు.

శకుంతల పిన్ని నా గడ్డం పట్టుకుంది. "ఎంత బాగా మాట్లాడావే ఆ రోజు! కార్డేదే అంటే, నేనొచ్చి చెబితే చాలదా పిన్నీ అన్నావు."

మిగతావాళ్ళూ అదే మాట. బుధవారం, పదిన్నరకీ ఒంటిగంటకీ మధ్య. ఆకుపచ్చ చీర. నేను ఆ రోజు కట్టుకున్నది అదే. ఒక బాబాయిని మోకాలి ఆపరేషన్ గురించి కూడా అడిగానట. ఆయనకి ఆపరేషన్ అయిందన్న సంగతే నాకు తెలియదు.

ఇంటికి రాగానే బీరువా తీశాను. ఏడు శుభలేఖలూ అక్కడే ఉన్నాయి. ఫోన్‌లో లొకేషన్ చూస్తే ఆ రెండున్నర గంటలూ ఘాట్ దగ్గరే ఉన్నట్టు చూపించింది. అప్పుడు డాక్టరుగారికి అంతా చెప్పాను. బాగా భయపడినప్పుడు కొందరికి తాము చేసిన పని గుర్తుండకపోవచ్చన్నారు. ఫోన్ చూపించాను. తేదీ రెండుసార్లు సరిచూసి తిరిగి ఇచ్చేశారు.

అమ్మ ఆనందం మాత్రం ఇంతా అంతా కాదు. "ఆ రోజు మాట్లాడినట్టు రోజూ మాట్లాడొచ్చుగా" అనేది. ఆ వెళ్ళిందెవరో గానీ, ఆమె అంటే నాకు భయం కంటే అసూయే ఎక్కువ. మావాళ్ళందరికీ నాకంటే ఆమే నచ్చింది.

ఆ కసితోనే వైద్యం మానలేదు. ఐదు నెలల తర్వాత, ఒక మధ్యాహ్నం మూడింటికి, ఒంటరిగా శకుంతల పిన్ని ఇంటికి బయల్దేరాను. సందు మొదట్లో మళ్ళీ వణుకు. డాక్టరుగారు చెప్పినట్టే అది తగ్గేదాకా నిలబడ్డాను. నిజంగానే తగ్గింది. గర్వంగా అనిపించింది. వెళ్ళి తలుపు తట్టాను.

పిన్ని తలుపు తీసింది. వెనక బల్ల మీద రెండు కాఫీ గ్లాసులున్నాయి.

"ఏమే, ఏమన్నా మర్చిపోయావా? ఇప్పుడేగా వెళ్ళావు" అంది.

అవునన్నాను. కాదనడం నాకు చేతకాదు. లోపలికి వెళ్ళి, ఏం వెతకాలో తెలియక, కుర్చీల కింద కాసేపు వెతికి వచ్చేశాను.

నాకంటే ముందు అక్కడికి వచ్చిందెవరో ఇప్పటికీ చెప్పలేను. అమ్మకి ఈ సంగతి తెలియనివ్వలేదు. తెలిస్తే ఇద్దరిలో ఎవరు కావాలంటుందోనని నా భయం.