రెండో సాక్ష్యం లేనిదే నమ్మని మనిషి

నరహరి గారు అస్తమించారన్న వార్తను మంగళవారం ఉదయం ఆయన సహధర్మచారిణి సుభద్రమ్మ ఫోనులో చెప్పింది. చెవి విన్నది గాని బుద్ధి ఇంతవరకూ అంగీకరించలేదు. ముప్పై ఏళ్లకు పైగా జర్మనీలోని ఈ ఎర్లాంగెన్ పట్టణంలో నాకు మిత్రుడై, గురువై, వాదానికి దిగితే శత్రువై మెలగిన మహానుభావుడు ఆసుపత్రిలో ఒంటరిగా కన్నుమూశాడు. కరోనా నిబంధనల పేరు చెప్పి భార్యను కూడా తలుపు దగ్గరే ఆపేశారు. అంత్యక్రియలకు వేళ్ల మీద లెక్కపెట్టగలిగినంత మందికే అనుమతి. ఆ కొద్దిమందిలో నేనొకణ్ణి. దానికి నేను అర్హుణ్ణా అన్నది ఈ వ్యాసం చివరికి మీరే తేల్చండి.

చితి చల్లారకముందే మన తెలుగువారి వాట్సాప్ గుంపులో రాతలు మొదలయ్యాయి. "ఇంట్లో సారా కాచేవాడట కదా, అదే కొట్టి ఉంటుంది" అని ఒకడు. "కరోనా అని పైకి చెప్తున్నారు గాని అసలు సంగతి లివరేనట" అని ఇంకొకడు. 'అట' అన్న రెండక్షరాల చాటున నిలబడి చచ్చినవాడి మీద బురద జల్లడం ఎంత సులువు! రాసినవాళ్ల పేర్లు నాకు తెలుసు. వాళ్లలో ఇద్దరు ఆయన కాచిన బీరును అడిగి మరీ సీసాలు పట్టుకుపోయినవాళ్లే. నా చదువు ఎనిమిదో తరగతితో ఆగింది గాని జ్ఞాపకం ఆగలేదు. ఆయన మృతికి నిజమైన హేతువేమిటో నాకు తెలుసు కనుక ఈ నాలుగు మాటలూ రాస్తున్నాను.

నరహరి గారు ఇక్కడి పెద్ద కర్మాగారంలో కొలత పనిముట్లను సరిచూసే ఇంజనీరు. నేను అదే కర్మాగారంలో ఫిట్టరుని. జర్మన్ భాషను గ్రంథాలయంలోనూ, గణితాన్ని ఎవరో పారేసిన పాఠ్యపుస్తకాల్లోనూ నేర్చుకున్నవాణ్ణి. మొదటి పరిచయమే తగవు. నేను వెర్నియరుతో కొలిచి రాసిన అంకెను ఆయన ఎర్రసిరాతో కొట్టేశారు.

"నా చూపు మీద అనుమానమా మీకు?" అని మండిపడ్డాను.

"నీ చూపు మీద కాదయ్యా శేషయ్యా, నీ వెర్నియరు మీద. నువ్వు కూడా దాన్ని అనుమానించు. ఉత్తపుణ్యానికి ఎందుకు నమ్ముతావు దాన్ని, అదేమన్నా నీ మేనత్త కొడుకా?"

వారం రోజులు ఆయన ముఖం చూడలేదు. తర్వాత ఆ వెర్నియరు దవడ వంగి ఉందని తేలింది. ఆనాటి నుంచి ఆయనను 'మేష్టారూ' అని పిలిచాను, వయసులో నాకంటే రెండేళ్లు చిన్నవాడైనా.

పదవీ విరమణ చేశాక ఆ సంశయ బుద్ధినంతా ఇంటి కింది కెల్లర్ అనే నేలమాళిగలోకి దించి బీరు కాయడం ఆరంభించారు. సారా అని రాసిన మేధావులారా, వినండి. బార్లీ గింజను మొలకెత్తించి ఆరబెడితే మాల్టు. దాన్ని నలగ్గొట్టి స్టీలు గుండిగలో వేడినీళ్లలో నానబెడితే పిండిపదార్థం చక్కెరగా మారుతుంది. ఆ తీపి కషాయాన్ని వడకట్టి, హాప్స్ అనే ఎండు పువ్వులు వేసి మరిగించి, చల్లార్చి, ఈస్టు కలిపి మూత బిగిస్తే వారం పది రోజుల్లో పులిసి బీరవుతుంది. ఇందులో బట్టీ లేదు, ఆవిరి పట్టడం లేదు. ఇంట్లో బీరు కాచేవాడు ముందుగా సుంకం కార్యాలయానికి తెలియజేయాలని ఈ దేశపు నియమం. ఆయన ఏ ఏడూ ఆ ఉత్తరం రాయడం మరవలేదు. సారా కాచేవాడు సర్కారుకు ఉత్తరం రాస్తాడా?

పిండి అంతా చక్కెరగా మారిందో లేదో చూడటానికి తెల్ల పింగాణీ పళ్లెంలో ఒక చుక్క కషాయం, దాని పక్కన ఒక చుక్క అయోడిన్ వేసేవారు. నీలం తిరిగితే ఇంకా పిండి మిగిలి ఉన్నట్టు. నేనొకనాడు "ఆ సీసాలో ఉన్నది అయోడినేనని ఏమిటి నమ్మకం?" అన్నాను వేళాకోళంగా. ఆయన నవ్వలేదు. వంటింట్లోకి వెళ్లి సుభద్రమ్మ వార్చిన గంజి ఒక గరిటె తెచ్చి అందులో చుక్క వేశారు. గంజి ముదురు నీలమై నల్లబడ్డది. "ఇప్పుడు నమ్ము" అన్నారు. "మధ్యాహ్నం చారులోకి దాచుకున్న గంజి అది!" అని పైనుంచి సుభద్రమ్మ కేక.

పాలు కొలిచే లాక్టోమీటరు మీరు చూసే ఉంటారు. అలాంటి గాజు పుల్లే కషాయంలో చక్కెర ఎంతుందో చెబుతుంది. తీపి ఎక్కువైతే పైకి తేలుతుంది, పులిసేకొద్దీ మునుగుతుంది. ముందుగా దాన్ని ఇరవై డిగ్రీల మంచినీళ్లలో వేసి సున్నా చూపిస్తేనే పనిలో పెట్టేవారు. కషాయాన్ని కూడా అదే వేడికి చల్లార్చాలి. తర్వాత ఆయన మోకాళ్ల మీద కూర్చుని, కంటిని ద్రవపు మట్టానికి తెచ్చి అంకెను చీటీ మీద రాసి మడిచేవారు. ఆ తర్వాత నా వంతు. నేను చదివి నా చీటీ రాయాలి. రెండు చీటీలూ ఒకేసారి విప్పాలి. అంకెలు కలిస్తే సరే, లేకుంటే మళ్లీ మొదలు. "మొదటివాడు ఏం చూశాడో రెండోవాడికి తెలిస్తే వాడు సాక్షి కాదు, భజనపరుడు" అనేవారు. వరసగా మూడు రోజులు ఒకే అంకె వస్తే గాని సీసాల్లోకి పట్టేవారు కాదు. ఇంత చేసి తాగేది చిన్న గ్లాసుడు. అది కూడా భోజనంతో.

కరోనా వచ్చాక నన్ను ఇంట్లోకి రానివ్వలేదు. కెల్లర్‌కు నేలమట్టాన ఒక చిన్న కిటికీ ఉంది. కషాయంలో పుల్ల తేలుతున్న గాజు గొట్టాన్ని ఆ కిటికీ గూట్లో పెట్టి ఆయన వెనక్కి జరిగేవారు. నేను బయట తడిగడ్డి మీద మోకరిల్లి చదివేవాణ్ణి. దారినపోయే ఒక జర్మన్ ముసలమ్మ ఆగి ఏం ప్రార్థన చేస్తున్నానని అడిగింది కూడా. లోపలినుంచి ఆయన నవ్వు ఇప్పటికీ వినిపిస్తోంది.

ఈ చలికాలం మొదట్లో ఒక ఉదయం ఫోను చేశారు. 

"మోసం శేషయ్యా! కొత్తగా తెప్పించిన హాప్స్ ఉత్త గడ్డి. వాసనే లేదు."

"నేను ముందే చెప్పానా, ఆ అంగడివాడి వాలకం మంచిది కాదని? లాక్‌డౌన్ అని పాత సరుకు అంటగడుతున్నాడు."

"ఇంకో పొట్లం విప్పాను. అదీ అంతే. నీ తలుపు గొళ్లేనికి ఒకటి తగిలించి వెళ్తున్నా. వాసన చూసి చెప్పు."

వీధిలో సైకిలు గంట వినపడింది. మాస్కుతో చెయ్యి ఊపి వెళ్లిపోయారు. అదే ఆయనను చివరిసారి చూడటం.

ఆ రోజుల్లో బయటినుంచి వచ్చిన ఏ వస్తువునైనా మూడు రోజులు బాల్కనీలో ఉంచనిదే నేను ముట్టుకునేవాణ్ణి కాను. ఆ పొట్లాన్ని కూడా పట్టకారుతో పట్టుకుని బాల్కనీలో పెట్టాను. సాయంత్రం మళ్లీ ఫోను.

"చూశావా?"

భయపడి విప్పలేదని ఆయనతో చెప్పడానికి సిగ్గేసింది. అంగడివాడు దొంగేనని నా మనసు ముందే తీర్పు చెప్పేసింది.

"చూశాను మేష్టారూ. వాసన లేదు."

"అంతే కదా! రెండో సాక్ష్యం దొరికింది" అన్నారు తృప్తిగా.

మూడు రోజులు గడిచాక పొట్లం విప్పాను. నిమ్మతొక్కను గోటితో గిల్లినట్టు, కోసిన పచ్చగడ్డి మీద వాన పడ్డట్టు గుప్పున పరిమళం గదంతా నిండింది. వెంటనే మేష్టారికి ఫోను చేస్తే సుభద్రమ్మ ఎత్తింది. ఆయాసం ఎక్కువై తెల్లవారగానే అంబులెన్సులో తీసుకెళ్లారట.

వెర్నియరును, గాజు పుల్లను, అయోడిన్‌ను అనుమానించిన మనిషి తన ముక్కును అనుమానించలేదా అని మీరు అడగవచ్చు. అనుమానించారు. ఆ సంగతి అంత్యక్రియల తర్వాత తెలిసింది. శ్మశానం గేటు దగ్గర సుభద్రమ్మ ఆరడుగుల దూరంలో నిలబడి, తల ఎత్తకుండా అడిగింది.

"అన్నయ్యగారూ, ఆ పువ్వులు మీరు నిజంగా వాసన చూశారా?"

"లేదమ్మా."

ఆమె గేటు ఊచ పట్టుకుంది. తర్వాత అంది: "కాఫీ వాసన కూడా రావట్లేదని ఆ మధ్యాహ్నం ఆయనే కరోనా పరీక్షకు టెర్మిన్ అడిగి సమయం ఖాయం చేసుకున్నారు. మీతో మాట్లాడాక రద్దు చేశారు. 'శేషయ్యకు కూడా రాలేదటే, లోపం పువ్వుల్లోనే ఉంది, కాఫీ మాటంటావా, జలుబు చేసి ఉంటుంది' అన్నారు."

మూడు రోజుల ముందు తెలిసినా ఫలితం మారేదని చెప్పలేమని డాక్టరు అన్నాడట. నన్ను ఓదార్చడానికి ఆమె కల్పించిన మాటేమోనని నా అనుమానం. నేను దాన్ని నమ్మలేను.

కనుక వాట్సాప్ పెద్దమనుషులారా, బీరును వదిలిపెట్టండి. అందులో దోషం లేదు. ఆ అంగడివాడిలోనూ లేదు. అతనికి క్షమాపణ కోరుతూ జర్మన్‌లో ఉత్తరం రాసి పంపాను. జీవితమంతా సత్యానికి ఇద్దరు సాక్షులు కావాలన్న ఆ ధన్యజీవికి, చివరిసారి సాక్ష్యం అడిగినప్పుడు నేను చూడనిదాన్ని చూశానని చెప్పాను. అనుమానించదలచినవారు నన్ను అనుమానించండి. నా పేరు శేషయ్య. ఈ ఊళ్లోనే ఉంటాను.

మేష్టారూ, మీవంటి నిశితదృష్టి మళ్లీ ఈ ప్రవాసంలో పుడుతుందన్న ఆశ నాకు లేదు. నమస్కరించడానికి చేతులు జోడిస్తున్నాను, క్షమించమని అడిగే ధైర్యం లేదు. మీరు నమ్మడానికి ఎంచుకున్న ఒకే ఒక్క మనిషిని నేను.